మట్టిలో పాతిన బనియన్లు

భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసే రోజుల్లో, శిక్షణ కోసం మమ్మల్ని ఉత్తరాది కొండల్లోని ఒక పాత పైన్ అడవికి తీసుకెళ్లారు. సూదుల్లాంటి ఎండుటాకులు జానెడు మందాన పేరుకుని ఉన్నాయి. వాటిని తొలగిస్తే నల్లని మెత్తని మన్ను, దాని నిండా తెల్లని బూజు దారాలు. ముందే అక్కడ పాతిపెట్టిన నూలుగుడ్డను తీసి చూపించారు. ఏది గుడ్డ పోగో, ఏది బూజు పోగో తెలియలేదు. మట్టిలో ప్రాణముంటే నూలును తినేస్తుంది, పరీక్ష అంతే. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

నిరుడు అది అక్కరకొచ్చింది. నగర శివారు పల్లె లాల్‌గడి మలక్‌పేట్‌లో నాకు తెలిసిన రైతు ఒకాయన ఉన్నాడు, నా ఈడువాడే. ఆయన ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు కొడుకు చేను పైమట్టినంతా టిప్పర్లకు ఎత్తించాడు. పక్క వెంచర్లో పార్కుకు పోసుకున్నారు. మిగిలింది ఎర్రటి గట్టి మొరం. ఇక ప్లాట్లకు ఇచ్చేద్దామని కొడుకు పోరు. చేను మళ్లీ పండుతుందో లేదో తేల్చమని తండ్రి నన్ను పిలిచాడు.

తొలకరి పడ్డాక నా పాత నూలు బనియన్లు రెండు తీసుకెళ్లాను. ఒకటి చేను నడుమ, ఇంకొకటి టిప్పర్లు ముట్టని గట్టు మీద, ముసలి చింతచెట్టు కింద పాతాను.

"ఏంది సాబ్, బనియన్లకు గోరీ కడ్తున్నవా? ఫాతెహా సదవాల్నా?" అని పక్కనే నిలబడ్డ ఆ రైతు నవ్వాడు.

"ఆగు భాయ్. లోపల తినెటోళ్లు ఉన్నరో లేరో సూద్దాం."

వానలు వెనకబట్టాక ఇద్దరం తవ్వాం. చింత కింద కుట్టుదారం తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన ముఖం విచ్చుకుంది. చేను నడుమ గడ్డపార దిగడమే కష్టమైంది. బనియన్ బనియన్‌లాగే బయటికొచ్చింది. బోరు దగ్గర జాడించి పిండాడు. చంక దగ్గరి పాత చిరుగు కూడా పెరగలేదు.

"గా గట్టు మన్ను తెచ్చి సల్లితే?"

"సల్లు. పెంట, ఆకు, నీడ గూడ ఉండాలె. అప్పుడు మెల్లగ లేస్తది."

"నేనుండంగ అయితదా?"

ఆ పైన్ అడవి కింది మన్ను ఎన్ని తరాల ఆకు రాలితే తయారైందో గుర్తొచ్చింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"కాదు భాయ్."

తడి బనియన్‌ను దులిపి నా చేతిలో పెట్టాడు. "మంచిగనే ఉంది సాబ్, ఏస్కో." తర్వాత ఫోన్ తీసి కొడుకుతో మాట్లాడాడు.

"ఆ ప్లాట్లోళ్లను రమ్మను బేటా."

అవతలి నుంచి ఏదో అడిగినట్టున్నాడు. ఈయన చింతచెట్టు వైపు చూడకుండా, "గట్టు గూడ" అన్నాడు.