ఐదు ఎర్రమట్టి పొట్లాలు

ఈ మధ్య అంగళ్ళలో అమ్మే చెనిక్కాయల్లో మట్టి మరీ ఎక్కువగా ఉంటోంది. నిన్న సాయంత్రం ఒక శేరు తెప్పించాను. ఒలుచుకుని తినేసరికి ఒళ్ళో తువ్వాలు మీద మిగిలిన ఎర్రదుమ్ముతో ఒక తులసి మొక్కను నాటుకోవచ్చు. అంగడివాడితో పోట్లాడదామని లేచాను. చెప్పులు కూడా తొడుక్కున్నాను. మళ్ళీ కూర్చున్నాను. మట్టి విషయంలో ఇంకొకడి మీద ఫిర్యాదు చేసే యోగ్యత నాకు లేదని గుర్తొచ్చింది.

ఐదు గుప్పెళ్ళ మట్టి. అంతే. త్రాసులో వేస్తే రెండు శేర్లు తూగదు. దాన్ని ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను. నడుము నొప్పికి డాక్టరు వేరే కారణాలు చెబుతున్నాడు, చెప్పనివ్వండి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. అది ఇదివరకే ఒక పుస్తకం పీఠికలో, చాలా మర్యాదగా, అచ్చయి ఉంది. నా కష్టమంతా అదే.

యుద్ధం నడుస్తున్న రోజులు. తిరుపతిలో, కొండకింద ఒక కాలేజీలో నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. వయసు ఇరవై ఎనిమిది. పాఠం కంటే హాస్యానికి ఎక్కువ పేరు. సముద్రం మీద ఓడలు మునుగుతున్నాయి కనక బయటిదేశాల నుంచి శాస్త్ర పత్రికలు రావడం ఆగిపోయింది. చదవడానికి ఏమీ దొరక్క మేము ఒకరినొకరు చదువుకోవడం మొదలుపెట్టాం. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఒక శాఖవాడు తాను ఏం పరిశోధిస్తున్నాడో తక్కిన శాఖలవాళ్ళకు చెప్పాలి. తెలుగులోనే చెప్పాలి. ఇంగ్లీషులో అయితే మనకు తెలియనిదాన్ని కూడా తెలిసినట్టు చెప్పుకుపోవచ్చు, తెలుగులో ఆ సౌకర్యం లేదు. రెండో నియమం ఇంకా గట్టిది. చెప్పినవాడు తన పనిలోంచి ఒక ముక్క తీసి వేరే శాఖవాడి చేతిలో పెట్టాలి. వాడు దాన్ని తన పద్ధతిలో పరీక్షించి, మరో శుక్రవారం జవాబు చెప్పాలి.

ఆ నెలల్లో మాకు పిచ్చి పట్టిందనే అనుకోవాలి. చరిత్ర లెక్చరరు అరిగిపోయిన శాసనం రాయి ఒకటి తెచ్చి, రెండేళ్ళుగా దీనిలో మూడో పంక్తి చదవలేకపోతున్నానని భౌతికశాస్త్రం ఆయన ముందు పడేశాడు. ఆయన కిటికీలకు దుప్పట్లు కట్టించి, టార్చిలైటును రాతికి ఒక పక్కగా, దాదాపు ఆనించి వెలిగించాడు. నీడలు పడి అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. చరిత్ర ఆయన మూడో పంక్తి పైకి చదివాడు. మేమంతా చీకట్లో నిలబడి చప్పట్లు కొట్టాం. దానమిచ్చిన పొలం ఎంతో తెలిసిందని అంత సంబరపడ్డవాళ్ళు, దానం పుచ్చుకున్నవాడితో సహా, ఎవరూ ఉండి ఉండరు. మరుసటి శుక్రవారం దాకా నాకు తిన్న అన్నం ఒంటబట్టలేదు. ఈసారి ఎవరు ఎవరికి ఏమిస్తారు? నాకేం వస్తుంది?

నాకు మట్టి వచ్చింది.

ఇచ్చినవారు మా తెలుగు పండితులు ఆచారిగారు. యాభై దాటిన మనిషి, నిలువు నామం, చంకలో గొడుగు, ఆ గొడుగు మడతల్లో నోటుబుక్కు. పదేళ్ళుగా ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి రైతుల నోట్లో ఉన్న మాటలు ఏరుకుంటున్నారు. వాటితో నిఘంటువు వేయాలని ఆయన కోరిక. పల్లెవాళ్ళ మాటలకు నిఘంటువేమిటని తోటి పండితులు నవ్వారు. మద్రాసులో అచ్చువేసేవాళ్ళు మాత్రం ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నారు. ఈ మాటల్లో ఉత్త వాడుకే కాక జ్ఞానం కూడా ఉందని ఎవరైనా శాస్త్రం తెలిసినవారు రాసిస్తే వేస్తామన్నారు.

ఆచారిగారి వాదం ఇది. చదువుకున్నవాడికి ఎర్రమట్టి అంతా ఎర్రమట్టే. ఐరాల దగ్గర చెనిక్కాయ పండించే మునెమ్మకు అది ఐదు రకాలు, ఐదు పేర్లు. ఒకటి గరుసు, ఒకటి దుబ్బ. మిగతా మూడింటి పేర్లు నోటితో పలకడానికి నాకు ఇప్పటికీ మొహం చెల్లదు. ఒకటి నీళ్ళు నిలవనీయదు, ఒకదానిలో సున్నం, ఒకదానిలో ఉప్పు, ఇలా ఏ పేరుకు ఏ గుణమో ఆమె చెప్పినదంతా నోటుబుక్కులో ఉంది.

"ఆమెకెట్లా తెలుసు స్వామీ?" అని ఎవరో అడిగారు.

"చిటికెడు తీసి నాలిక మీద ఏసుకుంటాదబ్బా," అన్నారు ఆచారిగారు.

"మా శాఖలో ఆ పని చేస్తే ఉద్యోగం పోతుంది. ఒక్కోసారి ఉద్యోగస్థుడు కూడా," అన్నాను నేను. గది గొల్లుమంది. మునెమ్మ నాలుక సంగతి ఆ నవ్వుతో ముగిసిపోయింది.

ఐదు పొట్లాలు, వాటితోపాటు నోటుబుక్కూ నా చేతిలో పెట్టారు. ఒక్కో పొట్లంలో ఒక చీటీ, చీటీ మీద పేరు. నేను చేయవలసినదల్లా ఏ పేరున్న మట్టిలో ఏముందో చూసి చెప్పడం. నోటుబుక్కుతో కలిస్తే ఆయన పదేళ్ళూ నిలిచినట్టు. కలవకపోతే లేదు. పొట్లాలు కట్టింది చెనిక్కాయలు కట్టే కాగితంతోనే. ఆ ఒక్క సంగతి దగ్గర నేను జాగ్రత్తపడవలసింది.

కార్తీకం వానలకు మట్టి చెమ్మగిల్లింది. ఎండ వచ్చిన రోజున పొట్లాలను ఆరబెడదామని వరండా పిట్టగోడ మీద వరసగా పెట్టి, కాఫీకి వెళ్ళాను. ఆ రోజుల్లో కాఫీలో చింతగింజల పొడి కలిపేవారు. ఏమాత్రం రుచిలేని ఆ కాఫీ కోసం పది నిమిషాలు. తిరిగి వచ్చేసరికి కొండ మీది నుంచి దిగిన కోతులు, తిరుపతిలో పొట్లం కనిపిస్తే ఏ కోతి అయినా ఏం చేస్తుందో అదే చేశాయి. ఐదూ విప్పాయి. ఒక పెద్ద కోతి ఎర్రమట్టిని చిటికెడు నోట్లో వేసుకుని, కాసేపు ఆలోచించి, ఉమ్మేసి, పక్క పొట్లం దగ్గరికి వెళ్ళింది. చీటీల్లో రెండు కాలవలో ఉన్నాయి. ఒకటి పిల్లకోతి చేతిలో ఉంది, అది దాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. మిగతా రెండింటి జాడే లేదు.

కుప్పలు కలిసిపోలేదు. ఐదూ దేనికది మిగిలాయి. పేర్లు మాత్రం లేవు.

అప్పుడు ఆచారిగారి దగ్గరికి వెళ్ళి ఉంటే? ఇరవై రెండేళ్ళుగా రోజుకొకసారైనా వెళుతూనే ఉన్నాను, మనసులో. ఆయన నవ్వేవారు. మళ్ళీ ఐరాల వెళ్ళేవారు. ఒక బస్సు టిక్కెట్టు, ఒక పూట నడక. నన్ను ఆపిందేమిటి? శుక్రవారం నా వంతు. గదంతా ఎదురుచూస్తోంది. చరిత్ర ఆయన రాయిలా నా మట్టి కూడా లేచి నిలబడాలి, ఆ చప్పట్లు నాకూ కావాలి. నేను దానికి వేరే పెద్ద పేర్లు పెట్టుకుని చూశాను, స్నేహం అని, జాలి అని. ఏ పేరూ ఆ కుప్పకు కుదరలేదు.

పరీక్షలు మాత్రం నిజాయితీగానే చేశాను, నమ్మండి. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి నాలుగు రోజులు ప్రయోగశాలలోనే ఉన్నాను. ఐదూ నిజంగానే వేరువేరని తేలింది! ఒక్కణ్ణే ఉన్న గదిలో గట్టిగా కేక వేశాను. ఒకటి ఆమ్లం పడగానే బుసబుసా పొంగింది. ఒకదానిలో ఉప్పు. ఒకదానిలో పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి దిగిపోయాయి. అంతవరకూ శాస్త్రం. ఆ తరవాత నోటుబుక్కు తెరిచాను. నీళ్ళు నిలవని కుప్పకు నీళ్ళు నిలవనిదాని పేరు పెట్టాను. సున్నం ఉన్నదానికి సున్నపుదాని పేరు పెట్టాను. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అంత సులువుగా జతలు కుదర్చలేడు.

శుక్రవారం వచ్చింది. గదిలో చోటు లేక కిటికీల్లో కూర్చున్నారు. నేను నిలబడి మొట్టమొదట ఈ మాటే అన్నాను: "అయ్యా, ఈ మట్టిని నాకంటే ముందు కోతులు పరీక్షించాయి. చీటీలు కూడా అవే పట్టుకుపోయాయి."

అందరూ పగలబడి నవ్వారు. ఆచారిగారైతే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

చూశారా, నిజం చెప్పాను. చెప్పి, వాళ్ళ నవ్వు వెనక దాక్కున్నాను. వాళ్ళు నవ్వుతారని తెలిసే ఆ గొంతుతో చెప్పానా? ఈ ప్రశ్న ఎన్ని రాత్రులు వేసుకున్నానో! తెలిసే చెప్పాను. నవ్వు ఆగేదాకా నిలబడి, ఆగాక "నిజమేనండీ" అనే ఒక్క మాట అని ఉండవచ్చు. దానికి కావలసినంత విరామం కూడా దొరికింది. ఆ విరామంలో సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద మొదటి పేరు రాశాను.

ఒక్కో పేరు రాసి, పక్కన నాకు దొరికిన గుణం రాసి, అప్పటికే తిరిగిచ్చేసిన నోటుబుక్కును ఆచారిగారిని చదవమన్నాను. మొదటిది కలిసింది. రెండోది కలిసింది. మూడోదానికి కిటికీల్లోవాళ్ళు లోపలికి వంగారు. నాలుగు. ఐదు! లెక్కల లెక్చరరు కిటికీలోంచి దూకివచ్చి, ఐదు పేర్లూ ఐదు రకాల మట్టికి ఊరికే కలిసిరావాలంటే నూట ఇరవై తడవల్లో ఒక్కసారి కలుస్తాయని అక్కడికక్కడే బల్ల మీద చేసి చూపించాడు. కోతుల చేతుల్లోంచి వచ్చిన లెక్క అది. చప్పట్లకు బయట చెట్ల మీది కాకులు లేచాయి. ఆచారిగారు లేచి నిలబడి చేతులు జోడించారు. నాకు కాదు, ఆ నల్లబల్లకు. ఆ క్షణం నాకెంత ఆనందంగా ఉందో చెప్పకపోతే ఈ ఒప్పుకోలు కూడా అబద్ధమే అవుతుంది. నా బతుకులో అంత సంతోషం మళ్ళీ రాలేదు.

మద్రాసుకు కాగితం రాసిచ్చాను. సంతకం పెట్టాను.

పదిహేను రోజుల తరవాత నేనూ ఆచారిగారూ, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బొగ్గుబస్సులో చిత్తూరు వైపు వెళుతున్నాం. ఆయన మునెమ్మకు ఈ సంగతి చెప్పడానికి పూతలపట్టులో దిగి ఐరాల పోవాలి. నన్నూ రమ్మన్నారు. నాకు చిత్తూరులో పని ఉందన్నాను. ఏం పని? బస్సులో ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, చిన్నపిల్లవాడిలా ఊగిపోతూ అన్నారు:

"ఇంగో మాట సెప్తా విను. ఇంగా ఇరవై ఊర్ల మన్ను తెస్తాను. మళ్ళీ సూడు. ఈ తూరి నా నోటుబుక్కు నీకు ఈను. సూడకుండా సెప్పు. అప్పుడు ఎవడికీ నోరు లెయ్యదు."

అదీ అసలు పరీక్ష. పండితుడు రసాయనశాస్త్రవేత్తకు శాస్త్రం చెబుతున్నాడు. నాకు ఇంకొక అవకాశం ఒళ్ళో పడింది. చేసి ఉంటే అంతా కడుక్కుపోయేది. కాని కొత్త జవాబు పాత జవాబుతో కలవకపోతే?

"ఋజువైనదాన్ని మళ్ళీ ఋజువు చేయడం ఎందుకు స్వామీ? అనుమానం ఉన్నట్టు ఉంటుంది," అన్నాను.

ఆయన నా మోకాలి మీది చెయ్యి తీసి గొడుగు మీద పెట్టుకున్నారు. "అదీ నిజమేలే అబ్బా," అన్నారు. పూతలపట్టులో గొడుగు విప్పుకుని దిగిపోయారు. నేను చిత్తూరు దాకా పోయి, ఒక టీ తాగి, తిరుగు బస్సు ఎక్కాను.

నా అసలు తప్పు చీటీలు కాదు. ఇది. ఆయన చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. నిజమేనని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆ నిజానికి ఋజువు దొరికే దారిని నేను మూసేశాను. దాని చోట నా ఋజువు పెట్టాను.

పుస్తకం వచ్చింది. పీఠికలో నాకు కృతజ్ఞత ఒక నిండు పేజీ. నవ్వినవాళ్ళే ఆచారిగారికి శాలువా కప్పారు. నాలుగేళ్ళకు ఆయన పోయారు, నిండు తృప్తితో. ఆ తృప్తి నేనిచ్చినదే కదా అని నాకు నేను చెప్పుకోవాలని చూశాను. రెండు రోజులు పనిచేసింది. ఆ తరవాత ఇతరులు ఆ పుస్తకం చూసి పుస్తకాలు రాశారు. నా కోతులు ఇప్పుడు వాటి పేజీల అడుగు సూచికల్లో కాపురముంటున్నాయి.

పోయిన నెల కుర్ర లెక్చరర్లు కొందరు ఇంటికి వచ్చారు. వాళ్ళూ శాఖలన్నీ కలిసి కూర్చునే సభ ఒకటి పెడుతున్నారట. కళ్ళు మెరుస్తున్నాయి, అచ్చం అప్పటి మావే. ఆచారిగారి మట్టి పరీక్షలాంటిది మళ్ళీ చేయాలని, దాని గురించి నన్ను రాసిమ్మని అడిగారు. రాస్తానన్నాను. రాయబోయేముందు ఐరాల వెళ్ళాను.

మునెమ్మకు డెబ్బై ఉంటాయి. కల్లంలో కూర్చుని చెనిక్కాయలు చేట్లో చెరుగుతోంది. నేనెవరో ఆమెకు తెలియదు. ఆచారిగారి పేరు చెబితే, "ఆ అయివోరు మంచోడప్పా, నా మాట రాసుకోని పాయె," అంది. నేను నేల మీద కూర్చున్నాను. పొట్లాలు, కోతులు, చీటీలు, నోటుబుక్కు, బస్సు, అన్నీ చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి, హాస్యం కలపకుండా. చెప్పడం అయ్యేసరికి నా భుజాలు ఎందుకో తేలికగా ఉన్నాయి. క్షమించమని ఆమెను అడగలేదు. క్షమించడానికి ఆమె ఎవరు, అడగడానికి నేనెవరు? చెప్పాను, అంతే.

ఆమె చేట పక్కన పెట్టింది.

"పేర్లు పోతే పోయె. ఆ అయిదు కుప్పలూ నా ముందర తెచ్చి పెట్టింటే ఏది యాడ మన్నో అప్పుడే సెప్పుందును గదా. నన్నెందుకు అడగలేదు అయివోరా?"

ఆమె మళ్ళీ చేట అందుకుంది.

"మీకంటే ఆ కోతులే మేలు. అవన్నా నోట్లో ఏసుకోని సూసినాయి."