వరుసగా అనుమానించిన ఉస్తాద్

మా మెకానిక్ ఉస్తాద్ చనిపోయారని పోయిన మంగళవారం పొద్దున మా డ్రైవర్ ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. వెంటనే ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి అడిగాను. ముగ్గురూ ఒకే మాట చెప్పాక గానీ కుర్చీలో కూలబడలేదు. నా బుద్ధి అలాంటిది. నా బుద్ధి సంగతి ఆయనకు తెలిసినంతగా ఆర్మూర్‌లో ఇంకెవరికీ తెలియదు.

నేను పసుపు వ్యాపారిని. మార్కెట్ యార్డులో రైతు బస్తా విప్పితే పైన కనిపించే కొమ్ములను ఏనాడూ చూడలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్నది తీస్తాను, విరిచి లోపలి రంగు చూస్తాను. ముప్పై ఏళ్లు అదే పని చేస్తే మనుషులను కూడా అలాగే చూడడం అలవాటవుతుంది.

ఎనభైల మొదట్లో నా జీపు నల్లపొగ చిమ్ముతోందని నిజామాబాద్ రోడ్డు మీద ఉన్న ఆయన రేకుల షెడ్డుకు మొదటిసారి వెళ్లాను. మెకానిక్కులు మంచి సామాను ఊడబీకి పాతది బిగిస్తారని అప్పటికే విని ఉన్నాను. అందుకని వెళ్లే ముందే ఇంజన్ భాగాల మీద మేకుతో చిన్న చిన్న గీతలు గీసిపెట్టుకున్నాను. బానెట్ ఎత్తగానే ఉస్తాద్ వాటిని చూశారు. కోపం చేసుకోలేదు. తన స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, "గీక్కో సేటూ, మంచిగ లోతుగ గీక్కో. నీకూ ఫికర్ ఉండది, నాకూ ఉండది" అన్నారు. నాకు సిగ్గేసింది. అయినా ఇంకో రెండు గీతలు గీశాను.

ఆయన బండి చూసే తీరు వేరు. బండి యజమానిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టనిదే పానా ముట్టేవారు కాదు. విప్పిన ప్రతి భాగాన్నీ వాళ్ల ఒళ్లో పరిచిన గుడ్డ మీద పెట్టేవారు. పొగగొట్టం ముందు తెల్లగుడ్డ పట్టి, పడిన మసి రంగు చూసి, వాసన చూసి, చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేదాకా ఒక్క మాట చెప్పేవారు కాదు. తొందరపెడితే, "బండి చెప్పనీ. నువ్వెందుకు చెప్తున్నవ్?" అనేవారు.

తొంభైల చివర్లో హైదరాబాద్ నుంచి కొత్త కారు తెచ్చాను. లోపల కంప్యూటర్ ఉంటుందన్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే స్టీరింగ్ వెనక ఇంజన్ బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలిగి, ఇక ఆరలేదు. బండి వెనక నిలబడితే కళ్లు మండే పొగ. షోరూమ్‌కు ఫోన్ చేస్తే, పొగలో తేడా వస్తే ఆ దీపం వెలుగుతుంది, పెట్రోల్‌లో కిరోసిన్ కలిసిందేమో చూసుకోండి అన్నారు.

నాకు ఆ ఒక్క మాట చాలు. డ్రైవర్‌ది దొంకేశ్వర్ అనే ఊరు, పదకొండేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. పెట్రోల్ కొట్టించేటప్పుడు బంకు వాడితో కుమ్మక్కవుతాడేమోనని, కారు కొన్న కొత్తలోనే పెట్రోల్ నేనే తెప్పించి గోదాంలో డ్రమ్ములో పోయించి తాళం వేశాను. కారులో కూడా నేనే పోస్తున్నాను. అలాంటప్పుడు కిరోసిన్ ఎలా వస్తుంది? వీడు ట్యాంకులోంచి పెట్రోల్ లాగి అమ్ముకుని, పెట్రోల్ మీటరు ముల్లు పడిపోకుండా కిరోసిన్ పోస్తున్నాడు. ఇంకో దారే లేదనుకున్నాను. వాకిట్లో అందరి ముందూ ఆ మాటే అని పనిలోంచి తీసేశాను. అతను కారు తాళాలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

కారు ఉస్తాద్ దగ్గరికి నేనే నడుపుకుంటూ వెళ్లాను. డ్రైవర్‌కు బండి నేర్పింది ఆయనే కాబట్టి ఆయన మీద కూడా ఒక కన్ను వేసే ఉంచాను. తెల్లగుడ్డ నల్లబడింది. గాలి ఫిల్టర్ విప్పారు, ప్లగ్గులు విప్పారు, వైర్లు ఎలుకలేమైనా కొరికాయేమో తడిమి చూశారు. అనుమానం తీరినవన్నీ ఒక్కొక్కటిగా నా ఒళ్లోకి వచ్చాయి. "దొంగ దొరికాక ఇంకా ఎందుకు విప్పుతున్నావు ఉస్తాద్?" అన్నాను.

"అనుమానపడు సేటూ, ఎవ్వలొద్దన్నరు? గని ఒక్కని మీదనే పడకు. వరుసవెట్టి పడు" అన్నారు.

తర్వాత ట్యాంకులోంచి రెండు చుక్కలు తీసి కాగితం మీద వేశారు. అసలైన పెట్రోల్ అయితే మరక లేకుండా ఆరిపోతుంది. ఇది ఆరలేదు, జిడ్డు మరక మిగిలింది. కిరోసినే. నేను గెలిచినట్టు నవ్వాను. ఆయన నవ్వలేదు. పెట్రోల్ ఫిల్టర్ కోసి వేలితో తీస్తే పచ్చటి బురద వచ్చింది. వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. పసుపు.

"బంకుల పసుపెక్కడిది సేటూ? పెట్రోల్ ఏడ వెడుతున్నవ్?"

ఇద్దరం గోదాంకు వెళ్లాం. బస్తాల మీదా, డ్రమ్ము మూత మీదా పసుపు దుమ్మే. తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకే ఉంటుంది. ఉస్తాద్ డ్రమ్ములో కర్ర ముంచి తీసి కాగితం మీద చుక్క వేశారు. అదే మరక. పసుపు పాలిష్ పట్టే ఇంజన్ కోసం ఒకప్పుడు ఆ డ్రమ్ములో కిరోసిన్ ఉంచేవాళ్లం. అడుగున జానెడు మిగిలి ఉంటే, చూసుకోకుండా దాని మీదే పెట్రోల్ పోయించాను. ప్రతి బస్తా అడుగూ తడిమే నేను నా డ్రమ్ము అడుగు చూడలేదు.

ట్యాంకు కడిగి, పొగగొట్టంలో పాడైన సెన్సర్ హైదరాబాద్ నుంచి తెప్పించి మార్చాక దీపం ఆరింది. ఇక డ్రైవర్ సంగతి మిగిలింది. బంకు వాడు కల్తీ పోశాడని నువ్వే అతనికి చెప్పు ఉస్తాద్, నా పరువు దక్కుతుంది అని బతిమాలాను.

"బంకోడేం జేసిండు? మల్ల ఇంకొకని మీద ఏస్తవా?" అని, బండి ఎక్కి నా పక్కన కూర్చున్నారు.

దొంకేశ్వర్‌లో డ్రైవర్ ఇంటి ముందు కారు ఆపేసరికి అతని భార్య వాకిట్లోనే ఉంది. నన్ను చూడగానే లోపలికి వెళ్లి కిరోసిన్ డబ్బా తెచ్చి నా కాళ్ల ముందు పెట్టి మూత తీసింది. "సూసుకోండ్రి సేటూ. గిది రేషన్ నూనె. మా ఇంట్ల పెట్రోల్ గిట ఏం లేదు" అంది. సోదా చెయ్యడానికి వచ్చాననుకుంది. నా జన్మలో అంత తల వంచుకున్న రోజు లేదు.

ఉస్తాద్ వంగి ఆమె చేతిలోంచి మూత తీసుకున్నారు. "చెప్పు సేటూ. నువ్వే చెప్పాలె" అన్నారు.

చెప్పాను. డ్రమ్ము నాది, తాళంచెవి నాది, తప్పు నాది అని గుమ్మంలోకి వచ్చిన డ్రైవర్‌కు వినబడేలా చెప్పాను. నెల తిరిగాక అతను పనిలోకి వచ్చాడు. ఉస్తాద్ ముఖం చూసి వచ్చాడు, నా మాట మీద కాదు. అది నాకు తెలుసు. ఆ రోజు ఆయన పక్కన లేకపోతే నేను ఆ వాకిట్లో అబద్ధమే చెప్పి వచ్చేవాడిని. అది కూడా తెలుసు.

ఇప్పుడు ఆయన గుర్తొస్తే షెడ్డు గుర్తు రావడం లేదు, దొంకేశ్వర్‌లోని ఆ వాకిలే కళ్ల ముందుకొస్తోంది. నేను చెప్పడం అయిపోయింది, ఆమె ఇంకా ఏమీ అనలేదు. ఎండ మండిపోతోంది. ఆమె ఏమంటుందో విననిదే కదిలేది లేదన్నట్టు, ఆ డబ్బా మూత చేతిలో పట్టుకుని ఉస్తాద్ వాకిట్లో అలాగే నిలబడి ఉన్నారు.