ఎండ మీద నడిచే ఫ్రిజ్

మాది కుప్పం. మదనపల్లెలో చదువుకుని, పుంగనూరు దగ్గర ఒక పల్లెలో పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేరాను. అక్కడ కరెంటును నమ్ముకోలేం కాబట్టి టీకా మందులకు బ్యాటరీ ఫ్రిజ్ ఇచ్చారు. మిద్దె మీద సోలార్ పలకలు, గదిలో ఓ మూల బ్యాటరీలు. పొద్దున్నే పలకల మీది దుమ్ము తుడిచేదాన్ని. బ్యాటరీల్లో తగ్గిన నీళ్లు పోసి, వైర్లు బిగించిన చోట పట్టిన తెల్లటి పొడిని కడిగి గ్రీజు పూసేదాన్ని. మధ్యాహ్నాలు ఆ ఫ్రిజ్ సన్నటి మోతలో గదంతా నీళ్ల మీద తేలుతున్నట్టుండేది.

గొర్రెలు కాసే ఒక అవ్వ ఎండవేళ మా వరండాలో కూర్చునేది.

"నీ పెట్టె జోల పాడతాండాదమ్మా," అనేది కళ్లు మూసుకుని.

ఓ వానాకాలం ముసురు పట్టింది. రోజుల తరబడి ఎండ లేదు. అప్పుడే ఊరి గొర్రెలకు టీకా మందు వచ్చింది. ఒక పొద్దున ఫ్రిజ్ మీద ఎర్ర లైటు వెలిగింది. బ్యాటరీలు అయిపోవచ్చాయి, కరెంటూ లేదు. మందుల్ని ఐసు పెట్టెలో సర్ది, పుంగనూరు ఆసుపత్రిలో దాచడానికి బయల్దేరాను. అవ్వ ఎదురొచ్చింది.

"వానలో యాడికమ్మా?"

"మందు చెడిపోతుందవ్వా. పుంగనూరికి."

"ఒక్కదానివే యాల? నేనూ వస్తా పద."

బస్సులో పెట్టెను తన ఒళ్లోనే పెట్టుకుంది. అద్దాల అవతల మామిడి తోటలు, గుట్టలు ముసురులో కరిగిపోతున్నాయి.

"వానలో తడిసిన గొర్రెపిల్ల మాదిరి సల్లగా ఉండాది," అంది. పెట్టె మీద చెయ్యి వేసి, "నా పెండ్లయిన కొత్తల్లో ఈ టీకా యేసే రోగమే వచ్చి గొర్రెల మందంతా పోయిందమ్మా. అప్పుడు మందూ లేదు, మాకూ లేదు. మా ఆయప్ప ఖాళీ దొడ్లో పొద్దు గూకేదాకా నిలబడుకోనుండె," అంది.

పెట్టె మీద ఆమె చేతి పక్కనే నా చెయ్యి పెట్టాను.

ముసురు విడిచాక బ్యాటరీలు నిండాయి. మందులు వెనక్కి తెచ్చి ఊరంతా టీకాలు వేశాను. అవ్వ దొడ్లో తడి ఉన్ని వాసన, లేత ఎండ. ఆమె ఒక్కో గొర్రెనూ గడ్డం పట్టుకుని, బుజ్జగిస్తూ నా ముందుకు తెచ్చింది. ఆఖరిది అయిపోయాక నా ముఖంలోకి చూసింది.

"తుమ్ముతాండావు కదమ్మా. నీకేం మందు లేదా?"

తన కొంగుతోనే నా ముఖం తుడిచింది. ఆ ఏడు మా పల్లెలో ఆ రోగంతో ఒక్క గొర్రె కూడా పోలేదు.