ఎర్రదీపం ఏ కొట్లో ఉంది?

2007. ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్‌కి దగ్గరగా, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య నాదొక చిన్న ఆఫీసు. ఒక గోడలోంచి ఫిజిక్సు, ఇంకో గోడలోంచి మ్యాథ్స్ వినిపించేవి కనుక ఆ ఏడాది నా చదువు కొంత మెరుగుపడింది. వ్యాపారాలకు తగిన సాఫ్ట్‌వేర్ ఎంచిపెట్టడం, అది మొరాయించినప్పుడు వెళ్ళి వాళ్ళ టీ తాగుతూ ఓదార్చడం నా వృత్తి. చాలామందిని ఓదార్చాను. కానీ రేవు పక్క పాతపట్నంలోని కరీం భాయ్ కేసు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

కరీం భాయ్‌ది ఓడ సామాన్ల కొట్టు. పాత ఓడల్ని విప్పినప్పుడు వచ్చే ఇత్తడి గంటలు, లాంతర్లు, గుండ్రటి కిటికీలు, దిక్సూచులు. ఒకప్పుడు ఓడలవాళ్ళే కొనేవారు. తర్వాత ఓడల్లోకి ప్లాస్టిక్ వచ్చింది, కొట్లోకి ఈగలు వచ్చాయి. బీకాం చదివిన ఆయన కూతురు షబానా, ఇవన్నీ బయటి ఊళ్ళ హోటళ్ళకి అలంకారంగా పనికొస్తాయని ఒక వెబ్‌సైట్ పెట్టింది. దానికి సాఫ్ట్‌వేర్ అడగడానికే తండ్రీ కూతుళ్ళు నా మెట్లెక్కి వచ్చారు.

"బాబూ, సెల్‌ఫోన్ల డీలరొకడు మా కొట్టు అద్దెకడుగుతున్నాడు. నెలాఖరికి మాట సెప్పాల," అన్నారు కరీం భాయ్. "ఈలోగా ఇంటర్నెట్లో ఒక్క బేరమైనా తెగితే కొట్టు ఉంచుతాను. లేదంటే ఇచ్చేత్తాను. మా అబ్బాజాన్ పెట్టిన కొట్టది."

నేను రెండు దారులు చెప్పాను. ఒకటి ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్: మీ సరుకంతా అందులో ఎక్కిస్తారు, ఒకటి అమ్మితే ఒకటి తగ్గుతుంది, అయిపోతే సైట్లో 'లేదు' అని దానంతటదే పడుతుంది. రెండోది డ్రాప్‌షిప్పింగ్: సరుకు మీ దగ్గర ఉండదు, ఆర్డరు మీకొస్తుంది, వస్తువు వేరేవాళ్ళ దగ్గర్నుంచి నేరుగా కొన్నవాడికి పోతుంది.

"మాది సొంత సరుకే," అన్నారు కరీం భాయ్ ఛాతీ విరుచుకుని. సరే, మొదటిది ట్రయల్‌గా పెట్టాను.

కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే స్క్రీన్ మీద ఒక చిన్నపాటి నౌకాదళానికి సరిపడా సామాను కనిపించింది. కొట్టు చూస్తే, నేనూ నా బ్యాగూ ఒకేసారి పట్టం.

"ఇవన్నీ ఎక్కడున్నాయండీ?"

"గోడౌన్‌లో."

"గోడౌన్ ఎక్కడుంది?"

ఆయన తాపీగా చెయ్యి చాపి వీధి మొత్తం చూపించారు.

సంగతేమిటంటే, ఆ సందులోని ఓడ సామాన్ల కొట్లన్నిటిదీ ఒకటే పద్ధతి. అడిగిన వస్తువు తన దగ్గర లేకపోతే ఎవరూ లేదనరు. "కూర్చోండి, గోడౌన్ నుంచి తెప్పిస్తాను" అని పక్క కొట్లోంచి తెచ్చి చూపిస్తారు. బేరం కుదిరితే లాభంలో ఇద్దరికీ వాటా. ఒక నియమం మాత్రం కచ్చితం: వస్తువు కొనేవాడి చేతిలోకి వెళ్ళాక, సొంతదారుడైనా సరే, అడ్డుపడి వెనక్కి అడగకూడదు.

"కరీం భాయ్, ఇది డ్రాప్‌షిప్పింగేనండీ!" అని లేచి నిలబడ్డాను.

"దీనికి ఇంగ్లీషులో పేరుందా? మేం మొగమాటం అనుకున్నాం," అన్నారాయన.

అప్పుడే షబానా కేక పెట్టింది. గోవా నుంచి ఒక హోటల్ ఆర్డరు! ఓడకి రెండు పక్కలా పెట్టే ఇత్తడి దీపాల జత. ఎడమకి ఎరుపు, కుడికి ఆకుపచ్చ. సాయంత్రంలోగా జత పంపుతున్నామని ఖాయం చేస్తే సరే, లేకపోతే వేరే ఊళ్ళో చూసుకుంటామని రాశారు. పచ్చది కరీం భాయ్ కొట్లోనే వేలాడుతోంది. ఎర్రది 'గోడౌన్'లో, అంటే ఎదురు కొట్టు అప్పలరాజు దగ్గర, ఉందని స్క్రీన్ చెబుతోంది. స్క్రీన్ చాలా ధీమాగా చెబుతోంది.

అప్పలరాజు తల గోక్కున్నాడు. "ఏటి బావా, ఎర్రదీపమా? పొద్దున్నే సివరి కొట్టు రహీం అట్టుకెల్లిపోనాడు. ఎవడో పెద్దమనిషి సూత్తానన్నాడంట."

"మరి సెప్పవేటి?" అన్నారు కరీం భాయ్.

"ఎప్పుడైనా సెప్పేనా? నువ్వెప్పుడైనా సెప్పేవా?"

అందరం చివరి కొట్టుకి పరుగెత్తాం. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, పరుగు నా వృత్తిలో భాగం కాదు. అయినా ముందు చేరింది నేనే.

రహీం కొట్లో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు ఎర్రదీపాన్ని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నారు. ఓడ కప్తానుగా చేసి రిటైరయ్యారట. నియమం ప్రకారం కరీం భాయ్ నోరెత్తడానికి లేదు. గుమ్మంలో నిలబడి నోరెత్తకుండా ఉండటంలో తన శక్తినంతా ఖర్చు చేస్తున్నారు. వెనకే వీధి మొత్తం వచ్చి చేరింది. అంతమంది ఊపిరి బిగబట్టి చూసేసరికి పెద్దాయన, ఇదేదో చాలా గొప్ప దీపమై ఉండాలనుకున్నట్టున్నారు, మరింత గట్టిగా పట్టుకున్నారు.

"ఎల్లండెహె, ఎల్లండి! ఇక్కడేటి సినిమా ఆడతందా?" అని అప్పలరాజు అందర్నీ తోలాడు. తను మాత్రం కదల్లేదు.

పెద్దాయన దీపాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని జత ఎక్కడుంది?" అని అడిగారు.

రహీం కరీం భాయ్ వైపు చూశాడు. కరీం భాయ్ పైకప్పు వైపు చూశారు. రహీమే తేల్చాడు: "షబానా, నువ్వు సెప్పమ్మా. ఆయన అడిగేరు కదా."

"పచ్చది మా కొట్లో ఉందండీ," అంది షబానా. "గోవాలో ఒక హోటల్ వాళ్ళు జతగా అడుగుతున్నారు. మా సైటుకి వచ్చిన మొదటి ఆర్డరు. కానీ ఇది ముందు మీ చేతికొచ్చింది. మీకు కావాలంటే పచ్చది కూడా తెచ్చిస్తాను."

కరీం భాయ్ కళ్ళు మూసుకున్నారు. కానీ కూతుర్ని ఆపలేదు.

పెద్దాయన దీపాన్ని బల్ల మీద పెట్టారు. "మా ఇంట్లో రెండు దీపాలకి చోటెక్కడమ్మా," అన్నారు. "ఒక్కటే తీసుకెళ్తే, చీకట్లో నాకు ఓడ సగమే కనిపిస్తున్నట్టుంటుంది. జతని విడదీయకండి. నాకా చిన్న గంట చూపించు, రహీం."

వీధిలో లేచిన అరుపుకి పావురాలు ఎగిరాయి. ఎవరూ వెళ్ళలేదన్నమాట. షబానా వెనక్కి పరుగెత్తి జవాబు టైపు చేసింది. హోటల్ వాళ్ళు సరేనన్నారు. రెండు దీపాలూ ఒకే పెట్టెలో, గడ్డి మధ్య పడుకుని కొరియర్ ఆఫీసుకి బయల్దేరాయి. పెట్టె మోసింది అప్పలరాజు, మేకులు కొట్టింది రహీం.

మర్నాడు కూర్చుని సాఫ్ట్‌వేర్ ఎంచాం. ఉత్త ఇన్వెంటరీ కాదు, ఉత్త డ్రాప్‌షిప్పింగూ కాదు. ఒక్కో కొట్టునీ ఒక్కో చోటుగా చూపించేది, వస్తువుని 'హోల్డ్'లో పెట్టగలిగేది కావాలన్నాను. హోల్డ్ అంటే, ఇంకా అమ్ముడవలేదు కానీ ఎవరి చేతిలోనో ఉందని గుర్తు. మరి కంప్యూటర్ లేని కొట్లు ఆ మాట చెప్పేదెలా? మిస్డ్ కాల్. దానికి ఖర్చు లేదు కాబట్టి వీధి యావత్తూ తక్షణం ఒప్పుకుంది. ఫోను మోగి ఆగితే షబానా గుమ్మంలోకి వచ్చి, "ఏది?" అని అరుస్తుంది. ఏ వస్తువో అవతల్నుంచి అరుస్తారు. ఆమె హోల్డ్ నొక్కుతుంది. ఇంత ఆధునికమైన వ్యవస్థని నేను మళ్ళీ ఎక్కడా స్థాపించలేదు.

సెల్‌ఫోన్ల డీలరుకి కరీం భాయ్ కాదని చెప్పేశారు.

అప్పటినుంచి కొత్తగా వచ్చే వ్యాపారికి నేను ముందే సాఫ్ట్‌వేర్ పేర్లు చెప్పను. మీ దగ్గర సరుకెంత అని కూడా అడగను. ఒక పూట కొట్లో కూర్చుని, మీ సరుకు ఎవరెవరి చేతుల్లోంచి పోతుందో, అందులో ఎవరి మాట మీరు కాదనలేరో చూపించండి అంటాను. అది తెలిస్తే ఏ ప్రోగ్రాం కొనాలో తేల్చడం తేలిక. తెలియకపోతే, ఎంత ఖరీదైనది కొన్నా, అది లేని దీపాన్ని ఉందనే చెబుతుంది.