అవ్వ వేళ్లకు తెలిసిన రీలు

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి బజారులో నాలాగా ఇత్తడి తోమే పిల్ల ఇంకొకతి లేదు. ఆ ఘనతతోనే పక్కింటి అవ్వ వస్తువును ఒక్క మధ్యాహ్నంలో పాడుచేశాను. మాది ఇత్తడి సామాన్ల దుకాణం. మెరిసే బిందెకు నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతాయని నాకు అక్షరాలకంటే ముందే తెలుసు.

అది గాలం దారం చుట్టే ఇత్తడి రీలు. అవ్వ పెనిమిటి, పోచారం చెరువుకు చేపలు పట్టడానికి వచ్చే ఆఫీసర్ల రీళ్లు బాగుచేసేవాడు. పక్కన కూర్చుని విడిభాగాలు అందించేది అవ్వే. ఆయన పోయాక ఈ ఒక్కటి మిగిలింది. అవ్వకు రెండు కళ్లకూ పొర కమ్మింది. రీలు అమ్మి కామారెడ్డిలో ఆపరేషన్ చేయించుకోవాలనుకుంది. పాత రీళ్లు కొనే సారు ఒకాయన హైదరాబాద్ నుంచి వస్తున్నాడని తెలిసి, అవ్వను అడగకుండానే చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమాను. బంగారంలా మెరిసింది. దాని మీద సన్నగా చెక్కిన అంకె కూడా అరిగిపోయింది.

సారు మా దుకాణంలో కూర్చుని పెదవి విరిచాడు. మొదటి రకం, తర్వాతి రకం చూడటానికి ఒకేలా ఉంటాయట. తేడా చెప్పేది ఆ అంకేనట. అది లేదు కాబట్టి తర్వాతి రకం ధర, అంటే నాలుగో వంతు ఇస్తానన్నాడు.

పక్కనే కూర్చున్న అవ్వ మాత్రం రీలు వదల్లేదు.

"అంకె పోతే పోయింది, స్క్రూలు పోలే గదా! ఎనుక నాలుగున్నయి. తర్వాతొచ్చినదానికి మూడే. పిడి మీది గుబ్బ కొమ్ముది. తిప్పి ఇను, చప్పుడు గూడ గట్టిగ ఉంటది."

"కండ్లు కనవడని దానివి, నీకెట్ల తెలుస్తది అవ్వా?" అన్నాడు సారు.

"నీకు కనవడ్తయి గదా. నీ సంచిల ఉన్నది ఇటు ఇయ్యి."

అంతకుముందే మొదటి రకమని ఆయన గొప్పగా చూపించిన రీలు అది. అవ్వ దాన్ని వేళ్లతో నెమ్మదిగా తడిమింది.

"గుబ్బ ఒక్కటే పాతది సారూ. కడమదంత కొత్త రకం. ఎవడో నీకు అతికిచ్చి అంటగట్టిండు."

సారు తిప్పి చూసుకుంటే స్క్రూలు మూడే. మా బాపు నవ్వు ఆపుకోలేక తక్కెడ తుడవసాగాడు. అప్పుడు సారు దారికొచ్చాడు కానీ, అంకె లేనిదానికి పూర్తి ధర ఎవరూ ఇవ్వరని, సగం ఇస్తానని అన్నాడు. ఆ మాట నిజమేనని అవ్వకూ తెలుసు.

"సగానికి తక్కువైతే చెరువుల ఇసిరేస్త గని నీకియ్య," అంది.

డబ్బు అందాక, రీలు ఇచ్చేముందు నన్ను కళ్లు మూసుకోమంది. నా వేళ్లు పట్టుకుని ఒక్కొక్క స్క్రూ మీద పెట్టింది. "చూసినవా బిడ్డా?" అంది. తిట్టలేదు.

ఇప్పటికీ పాత వస్తువు చేతికొస్తే గుడ్డ ముట్టను. ముందు కళ్లు మూసుకుని తడుముతాను. అవ్వ సారు మెడలు వంచిందని బజారంతా చెప్పుకున్నారు, అందరికంటే ఎక్కువ నేనే చెప్పాను. కానీ పూర్తి ధర వస్తే రెండు కళ్లకూ సరిపోయేది. సగమే వచ్చింది. కామారెడ్డిలో కుడి కన్ను చేశారు. నా తోముడు ఖరీదు అవ్వ ఎడమ కన్ను.