బావి ఒడ్డుకొచ్చిన కాలువ రాయి

జనగామ స్టేషన్‌లో పొద్దున ఆరూ నలభైకి ప్యాసింజర్ ఎక్కాను. చేతిలో టిఫిన్ డబ్బా, సంచిలో మా అక్క పాసుబుక్కు నకలు. గోదావరి నీళ్లను మా మెట్ట ప్రాంతానికి తెచ్చే కాలువ అక్క బావి మీదుగా పోతుందట. దాని హద్దురాయి సరిగ్గా బావి ఒడ్డునే ఉంది. ఆ చుట్టుపక్కల మే నెలలో కూడా ఎండనిది ఆ ఒక్క బావే.

"నీళ్లు తెస్తమని నా నీళ్లు పూడుస్తరట తమ్మీ. రాయి అసలెక్కడ ఉండాల్నో జర కనుక్కొని రా. సోషల్ సారువి గదా, మ్యాపులు నీకెర్కే" అంది అక్క.

ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మాట నిజమే. నల్లబల్ల మీద నేను గీసిన గోదావరి మాత్రం ఎప్పుడూ ఎగువకే పారేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు మోటార్లు పెట్టి నిజంగానే ఎగువకు పారిస్తున్నారు కనుక, నాది తప్పు కాదు, ముందుచూపు.

ఎనిమిదిన్నరకు కేసముద్రంలో దిగాను. మా దిక్కు రాళ్లు పాతిన సర్వేయరు రిటైరై ఇక్కడే ఉంటున్నాడు. మార్కెట్ యార్డు ముందు, మక్కల ట్రాక్టర్ల మధ్య, చాయ్ తాగుతూ దొరికాడు.

"నేను పాతింది మీ అక్క పడావు చెల్కల సార్, బాయికి దూరం. కని రాళ్లకు కాళ్లొస్తయ్" అన్నాడు. పడావు చెల్క అంటే అక్క ఏళ్లుగా దున్నకుండా వదిలేసిన నేల.

"కాళ్లెట్ల వస్తయే?"

"మీ జనగామోళ్లు కాలువ దగ్గరుంటే నీళ్లొస్తయని ఇవతలికి జరుపుకుంటరు. భూపాలపల్లి దిక్కు భూమి పోతదని అవతలికి నూకుతరు."

"మరి కాలువ?"

"తాగినోని లెక్క వస్తది."

మ్యాపు భూపాలపల్లి ఆఫీసులో ఉంటుందని చెప్పి, నాకూ ఒక చాయ్ పోయించాడు.

నర్సంపేటలో బస్సు మారాను. ఈ దారిన వెళ్లదలచిన మగవారికి ఒక సూచన: ఆడవాళ్లకు టికెట్టు లేదు, మనకు సీటు లేదు. ములుగు దాకా నిలబడ్డాక, కాటారం వెళ్తున్న ఒక అవ్వ జాలిపడి జరిగింది. కాలువ పని మీద పోతున్నానని చెప్పాను.

"గదేనా, మా వాగు మీదికెల్లి సిమెంటు తొట్టి లెక్క కట్టిన్రు. మీ నీళ్లు మా నెత్తి మీదికెల్లి పోతయట. మేం కింద నిలవడి చూడాల్నట."

"ఇంక నీళ్లు రాలే గదా అవ్వా?"

"రాలే బిడ్డా. ఇప్పుడైతే మ్యాకలు పంటున్నయ్. నీడ మంచిగున్నది."

పుస్తకాల్లో దాన్ని నీటివంతెన అంటారు. పైన నీళ్లింకా రాలేదు, కింద వాగు ఎండిపోయింది. వంతెన మటుకు ఉంది.

ఒంటి గంటకు భూపాలపల్లి చేరాను. షిఫ్టు దిగిన గని కార్మికుల మధ్య కూర్చుని అన్నం, పప్పుచారు తిని, రెండింటికి ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు మర్యాదస్తుడు. కుర్చీ వేసి, బల్లంత మ్యాపు పరిచాడు. జలాశయాలకు నీలి రంగు, కాలువకు ఎర్ర గీత. అక్క పొలం దగ్గర ఆ గీత ఉన్నట్టుండి బావి వైపు వంగింది.

"ముందు సక్కగనే గీసినం సార్. పోయి చూస్తే రాయి బాయి కాడ ఉన్నది. అందుకని మ్యాపు సరిచేసినం."

"రాయిని సరిచెయ్యొచ్చు గదా!"

"జరిపినోళ్లు ఒప్పుకొని రాసియ్యాలె సార్. కేసు గీసు ఏం ఉండది, వాళ్లే తిరిగి పాతాలె, అంతే. ఇప్పటిదాంక ఒక్కలు రాసియ్యలే. అందుకే రాళ్లను ముట్టకుంట మ్యాపునే జరుపుతున్నం. ఇయ్యాల్టితోని గడువు అయిపోతది."

వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. "రాయి జరిపినోళ్ల పేరు కావాల్నట అక్కా. ఎవలి మీదన్న అనుమానమున్నదా?"

అక్క గొంతు తగ్గించింది.

"అనుమానమేంది తమ్మీ. మీ బావ గడ్డపార పట్టిండు, నేను రాయి పట్టిన. కాలువ పక్కపొంటి పోతే బాయిల ఊట పెరుగుతదనుకున్నం. గంత వెడల్పుంటదని మాకెవలు చెప్పిన్రు? చెల్క పోతే పోనీ, బాయి ఉండాలె. కని నా పేరు రాయకు, ఊళ్లె ఇజ్జత్ పోతది."

లోపలికి వెళ్లి కాగితం అడిగాను. రాయి జరిపినవారి పేరు అన్నచోట నా పేరు రాశాను. కారణం అన్నచోట కొంత ఆలోచించి 'భౌగోళిక అజ్ఞానం' అని రాశాను. వృత్తి అన్నచోట 'విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు' అని రాయక తప్పలేదు. ఇంజనీరు రెండుసార్లు చదివి, లేచి నిలబడి చేయి కలిపాడు.

"మీరే మొదటోళ్లు సార్. ఎల్లుండి ఫోటో తియ్యనీకి వస్తం. అప్పటిలోపల పాత జాగల పాతుండ్రి."

మూడున్నరకు హనుమకొండ బస్సు దొరికింది. అక్కడ మారి జనగామ బస్సెక్కితే, అదృష్టం, కిటికీ పక్కన సీటు. ఒక్క రోజులో ఇన్ని ఊళ్లు తిరిగినా జలాశయం చూడలేదు, కాలువ నీటి చుక్క చూడలేదు. కాలువలు గీసేది ఇంజనీర్లని అనుకుని పొద్దున బయల్దేరాను. ఊరూరా గడ్డపార ఉన్న ప్రతివాళ్లూ తలా కాస్త గీస్తున్నారని తెలుసుకుని తిరిగొస్తున్నాను. వాళ్లందరిలో సంతకం పెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

ఘన్‌పూర్ దాటాక అక్క ఫోన్ చేసింది.

"బాయి ఉంటదా తమ్మీ?"

"ఉంటదక్కా. ఎల్లుండిలోపల రాయి తీసి చెల్కల పాతాలె."

"అయితే రేపు పొద్దుగాల్నే రా. కడుపునిండ తిని రా. గా రాయి జరిపిన కాడికెల్లి మీ బావ నడుం లేస్తలేదు."