మూటా పోగూ

మొన్న శుక్రవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు పాత పేపర్లు కొనే మనిషి మా గేటు ముందు బండి ఆపాడు. ఇంట్లో మంచం కింద పేరుకుపోయిన పత్రికల కట్టలు ఇచ్చేద్దామని నేనే పిలిచాను. అతను వాటిని గోనెసంచిలో వేసి, చేతిలో వేలాడే చిన్న కాటాకు తగిలించి, అంకె నాకు చూపించాడు. పదకొండు కేజీల నాలుగు వందలు. అప్పుడు సంచి మూతి దగ్గర నీలం అట్ట నోటుబుక్కు కనిపించింది. నేను దాన్ని లాగితే అతను నొచ్చుకున్నాడు. "మళ్లా తూకం వేయల్ల కదమ్మా. ఉండనీలే, పాత బుక్కే కదా" అన్నాడు. మళ్లీ వేయమన్నాను. రెండు వందల గ్రాములు తగ్గింది. "ఇంతేనా!" అన్నట్టు నా వైపు చూసి, కట్టలు బండికెత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ నోటుబుక్కులో ఉన్నది ప్రపంచంలో ఇప్పటిదాకా పుట్టిన బాక్సర్లలో ఎవరు గొప్ప అన్న పట్టిక. ఏడాదికొక పేజీ చొప్పున ఇరవై రెండు పేజీలు, అన్నీ నా చేతిరాతే. రెండో స్థానం నుంచి పదో స్థానం దాకా పేర్లుంటాయి. ఒకటి అని అంకె వేసిన గీత మాత్రం అన్ని పేజీల్లోనూ ఖాళీగా ఉంటుంది. దాన్ని నింపే పని నాకు అప్పగించారు, అదీ ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు. మూడేళ్లయినా నేను నింపలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

మా ఇంట్లో ఎవరూ బాక్సింగు గ్లవుజు ముట్టుకున్నవాళ్లు కారు. ఎదురుగా నిలబడి ఒక్క పందెం చూసినవాళ్లూ కారు. నేను పెనుకొండ గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. మా ఆయన హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు మూటలు కాటా వేసేవారు. రోజూ రైల్లో పోయి రావడం. మనిషి కూడా మూటలాగే ఉండేవారు, తలుపులోంచి రావాలంటే కాస్త ఓరగా తిరగాల్సి వచ్చేది. మా అన్న ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. సావుకారు పట్టూ జరీ తూచి ఇస్తాడు, నేసిన చీరను తూచి తీసుకుంటాడు, కాబట్టి మా అన్న బతుకు కూడా తూకం మీదే నడిచింది. కాకపోతే మా ఆయనది క్వింటాళ్ల కాటా, అన్నది గ్రాముల త్రాసు. ఇద్దరూ తూచేవాళ్లే గనక ఒకరి మాట ఒకరు నమ్మేవారు కాదు.

బాక్సింగు మా ఇంట్లోకి రైల్లో వచ్చింది. ఒక సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చే బండిలో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు ఆటల పత్రిక మా ఆయన తెచ్చారు. అది ఆయుధ పూజ ముందు రోజు. ఆయుధ పూజంటే మగ్గానికీ కాటాకూ కుంకుమ పెట్టి పని ఆపేసే రోజు గనక, అన్న ఏటా దానికి మా ఇంటికి వస్తాడు. మర్నాడు తిన్నాక పత్రిక చదివి చెప్పమన్నారు. అందులో, బరువుతో నిమిత్తం లేకుండా చూస్తే బాక్సర్లందరిలో ఎవరు మేటి అని ఒక వ్యాసం ఉంది. నేను చదువుతూ తెలుగులో చెబుతుంటే మా ఆయన మధ్యలోనే ఆపారు.

"బరువుతో నిమిత్తం లేకుండానా? అదేం తూకం? యాభై కేజీలోడు, నూరు కేజీలోడు ఎదురుబొదురు నిలబడితే ఎవరు కింద పడతాడో నా కాటాకు కూడా తెలుసు."

అన్న నవ్వాడు. "బావా, ఎనిమిది వందల గ్రాముల చీర ఒకటి, ఐదు వందల గ్రాముల చీర ఇంకొకటి ఉంటే, బరువుండాదని మొదటిదాన్ని గొప్ప అంటావా? తూకం పక్కన పెట్టి పనితనం చూడల్లప్పా."

"పనితనం చూసుకుంటా కూర్చో. మూట వచ్చి మీద పడితే నీ చీర యాడుంటాదో!"

ఆ పూట మొదలైంది. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. మా ఆయన మెచ్చిన భారీ మనిషి మూట. అన్న మెచ్చిన, దారంలా సన్నని మనిషి పోగు. మిగిలినవాళ్లు గొళ్లెం, ఎడంచెయ్యి, నిద్రమొగం, ఇలాంటి పేర్లతో స్థిరపడ్డారు. ఇప్పుడు ఆ పట్టిక ఎవరికి చూపించినా ఏ దేశపు మనుషులో చెప్పలేరు. కొందరి అసలు పేర్లు నేనూ మరిచిపోయాను.

మొదటి ఏడాది పట్టిక మొత్తం తప్పు. ఆ తప్పు నాది. బరువు అంకెలు చదివి, వాటి వెనకున్న రెండు చిన్న అక్షరాలు వదిలేశాను. అవి పౌండ్లు. వీళ్లు కేజీలనుకున్నారు. పోగు నూట నలభై ఏడు కేజీలని తేలింది. ఫొటోలో పక్కటెముకలు కనిపిస్తున్నాయి. అన్న చాలాసేపు చూసి, "ఎముకలు మనట్లా బోలుగా ఉండవేమోలే, గట్టివి" అని సర్దుకున్నాడు. మా ఆయన ఫొటోను వెలుతురుకు పెట్టి, "ఈ మనిషి అరవై ఏడు దాటితే నా ఉద్యోగం మీ అన్నకు రాసిస్తా. ముప్పై ఏండ్లుగా మూటలు చూస్తాండానే, ఆ మాత్రం తెలీదా" అన్నారు. మర్నాడు నిఘంటువు తీసి లెక్క వేస్తే అరవై ఆరు చిల్లర. ఆ సంగతి ఆయన పెనుకొండ నుంచి హిందూపురం దాకా రైల్లో ఎంతమందికి చెప్పారో లెక్కలేదు.

పట్టికకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆయుధ పూజ నాడు నా కలం కూడా పూజలో ఉంటుంది గనక ఆ రోజంతా వాదన, రాత లేదు. విజయదశమి పొద్దున కలం తీసి, ఇద్దరూ ఒప్పుకున్నవి మాత్రమే రాయాలి. ఒప్పుకోని చోట ఖాళీ. రెండు నుంచి పది దాకా కాఫీ తాగేలోపే అయిపోయేవి. ఒకటి దగ్గర ఇరవై రెండేళ్లు ఆగిపోయారు. తర్వాత ఫోన్లలో పాత పందేలు కనబడటం మొదలైంది. చూస్తే ఎవరో ఒకరి మనసు మారుతుందనుకున్నాను. ఒకే పందెం చూసి ఇద్దరూ తమ మాటే నెగ్గిందన్నారు.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో మా ఆయన హిందూపురం ఆసుపత్రిలో ఉన్నారు. అప్పటికి సగం మనిషి అయిపోయారు. ఒక ఉదయం నర్సు బరువు చూసే మిషను తెచ్చి ఎక్కించింది. ఆయన కిందికి వంగి ముల్లు చూశారు. ఇంకొకరి కాటాను ఆయన ఎప్పుడూ నమ్మలేదు, దాన్ని నమ్మినట్టున్నారు. మంచం మీద పడుకున్నాక అన్నారు: "నలభై తొమ్మిది. అయినా నేనే కదా ఏమే? నాలో తగ్గిందేముంది? మీ అన్న చెప్పిందే సరి. పోగునే పైన రాయి." తర్వాత నీళ్లు అడిగారు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. పదో రోజు పోయారు.

ఆ ఏడు దసరాకు అన్న వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఆయుధ పూజ నాడు వాదన జరగలేదు. అలవాటు కొద్దీ కలం పూజలో పెట్టాను. మర్నాడు పొద్దున నోటుబుక్కు తనే తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు అరవై దాటినా అన్నకు నేను పాపనే.

"పాపా, ఒకటో నంబరు రాసేయి. మూట."

నేను కలం తీసుకున్నాను, మూత విప్పలేదు.

"అంత పెద్ద మనిషి కదా బావ. ఆ పొద్దు భుజానికెత్తుకుంటే బరువే లేదు పాపా. ఖాళీ పాడె మోసినట్టుండె. బరువు లెక్కలోకి రాదని ఇన్నేండ్లు వాదిస్తినే, బరువంటే ఏందో ఆ పొద్దు తెలిసె. బావే కరెక్టు. రాసేయి."

ఆసుపత్రి మాట అప్పుడు చెప్పాను. చెప్పకూడదేమో, ఇప్పటికీ తెలియదు. అన్న కలం మీది కుంకుమ బొట్టు వైపు చూశాడు.

"నవ్వుతా చెప్పినాడా?"

"గుర్తులేదన్నా."

"బాగా యాదికి తెచ్చుకో. నవ్వుతా చెప్పింటే అది ఒప్పుకున్నట్టు కాదు."

గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ముల్లు వైపు వంగిన తల గుర్తుంది. నీళ్ల గ్లాసు గుర్తుంది. ముఖం గుర్తురాలేదు. ఆయన సగం మాటలు నవ్వుతూనే చెప్పేవారు. నన్ను ఓదార్చడానికి అన్నారేమో. నిజంగానే అన్నారేమో. అన్న కూడా నిజంగా మారాడో, నా ముఖం చూసి ఆ మాట అన్నాడో అడగలేదు. ఇద్దరూ ఒకే మనిషి తేలికైపోవడం చూశారు. ఒకరికి బరువు లెక్క కాదనిపించింది, ఇంకొకరికి బరువే లెక్క అనిపించింది. నేనూ చూశాను. నాకేమీ అనిపించలేదు, భయం తప్ప.

"అయితే ఇప్పుడూ ఒప్పుకోలేదన్నమాట మేమిద్దరం" అన్నాడు అన్న. నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. "బావ నా పక్కకొస్తే నేను బావ పక్కకు పోతి. ఏం మనుషులమో! ఉండనీ, ఖాళీగానే ఉండనీ."

ఆ ఏడాది పేజీలో మిగిలిన తొమ్మిది కూడా రాయలేదు. రాయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి కదా. నోటుబుక్కు పత్రికల మధ్యకు ఎలా వెళ్లిందో నాకు తెలియదు. నేనే పెట్టి ఉంటాను.

శుక్రవారం సాయంత్రం అన్నకు ఫోన్ చేసి నోటుబుక్కు దొరికిందని చెప్పాను. "ఎంత తూగింది?" అని అడిగాడు. రెండు వందల గ్రాములన్నాను. "ఆ కాటాలు నమ్మగూడదు పాపా, బావ ఉంటే చెప్పుండేవాడు" అన్నాడు. ఇరవై రెండేళ్లు వాళ్లు ఒక మాట తేల్చుకోలేదని అప్పట్లో విసుక్కునేదాన్ని. తేలకపోవడం వల్లే అన్నేళ్లు గడిచాయేమో, అదీ నాకు సరిగ్గా తెలియదు. దసరాకు అన్న ఇప్పటికీ ధర్మవరం నుంచి వస్తాడు. ఇద్దరం తిని కూర్చుంటాం. పూజలో కలం పెట్టడం లేదు.